పరరాజ్యమున మన బండి

క్రిందటి యేడు మాఘమాసమున మా మేనకోడలు, తానును తన యిద్దరు స్నేహితురాండ్రును మోటారు సైకిళ్లపై నేపాళమునకు పోయి రాదలచితిమని చెప్పిన దినమున మా అన్నగారి యింట పొయ్యిలో పిల్లి లేవలేదు. వదినగారు మాకు కబురంపిరి. "నీ మాటయైన అది వినును. నీవు వచ్చి వలదని చెప్పుము" అని యామె కోరిక. మేమును వలదని చెప్పుటకే బయలుదేరి పోతిమి.

పోయి కూర్చుండి యిరువురి మాటలును విన్నపిమ్మట మాకొక సంగతి తోచినది. తల్లి భయమునకు రూపు లేదు. దొంగలనును, లోయలనును, చలి యనును, మరల దొంగలనును. బిడ్డ ధైర్యమునకును రూపు లేదు. "అందరును పోవుచునే యున్నారు గదా, అత్తయ్యా" యనుటయే దాని సమాధానము. రూపు తెలిసిన భయమునకు విరుగుడు వెదకవచ్చును. రూపు లేని భయమునకు ఏడ్చుటయు, నిషేధించుటయు దప్ప వేరు దారి లేదు. అందుచే మేము ఔననలేదు, కాదనలేదు. రెండు నెలలు గడువడిగితిమి. పొరుగు దేశమున మన బండి నడుపుటలో నిజమైన అపాయములేవి, వట్టి అపోహలేవి యని ఆ రెండు నెలలును మా మేనకోడలితో గూడి విచారించితిమి. ఆ విచారణలో తెలిసిన సంగతులను, ఆపై యాత్రలో జరిగిన యొక ఘటనను సోదరీమణుల యెదుట నుంచుచున్నాము. ఈ ప్రశ్న నేడు కాకున్న రేపు మీ యింటి గడప తొక్కవచ్చును.

పలక చెప్పు మాట

మన యూరిలో మన బండి నంబరు పలకను ఎవరును చూడరు. అది నూరు బండ్లలో నొకటి. ఎల్ల దాటిన మరుక్షణమున ఆ పలకయే ముందుగా మాటలాడును. "వీరు ఇచ్చటివారు కారు" అని వీథికంతయు చాటును. నడుపు మనిషి నోరు విప్పకమునుపే ఆమె పరదేశియని అందరికిని తెలిసిపోవును.

ఈ యేర్పాటు నిన్న మొన్నటిది కాదు. మోటారు బండి యెల్లలు దాటునపుడు అది ఏ దేశపుదో తెలుపు గురుతు ఉండవలెనని 1909లో పారిసు నగరమున కొన్ని దేశములు కూడి ఒడంబడిక చేసికొనినవి. ఆ నియమములు 1926లో పారిసులోను, 1949లో జెనీవాలోను, 1968లో వియన్నాలోను మరల సవరింపబడినవి. తెల్లని అండాకారపు బిళ్లపై నల్లని రోమను లిపిలో దేశపు గురుతు వ్రాసి బండి వెనుక నుంచుట ఆచారము. మన దేశమునకు ఐ.ఎన్.డి. అను మూడక్షరములు గురుతు. 1947కు పూర్వము బి.ఐ., అనగా బ్రిటిషు ఇండియా, అని యుండెడిది. శ్రీలంక బండ్లకు గురుతు సి.ఎల్. అను అక్షరములే, అది సిలోను అను పాత పేరుయొక్క శేషము. బ్రిటను దేశమువారు 2021 సెప్టెంబరులో జి.బి. విడిచి యు.కె. అను గురుతును గైకొనిరి. మన దేశమున 2019 ఏప్రిలు 1వ తేదీనుండి క్రొత్త బండ్లకు తప్పనిసరి చేసిన అల్యూమినియపు పలకలపై అశోకచక్రపు ముద్రయు, ఐ.ఎన్.డి. అను చిన్న యక్షరములును ఉన్నవి. అవి యేల యున్నవోయని మేమెన్నడును తలపోయలేదు.

ఆ పలక నలుగురితో నాలుగు మాటలు చెప్పును. దొంగతో చెప్పు మాట: "ఈ బండిమీది మూటలలో డబ్బును, కెమెరాయును, పాసుపోర్టును ఉన్నవి; వీరు రేపు ఈ యూర నుండరు; సాక్ష్యమిచ్చుటకు తిరిగి రారు." లంచగొండి యధికారితో చెప్పు మాట: "వీరికి ఇచ్చటి చట్టము తెలియదు, తొందరలో నున్నారు, అడిగినంత యిత్తురు." ప్రమాదము జరిగినచోట గుమిగూడిన జనముతో చెప్పు మాట: "తప్పు పరాయివారిదే." నాలుగవ మాట మంచివారితో చెప్పునది: "వీరు అతిథులు, దారి చూపుడు." భయపడు తల్లి మొదటి మూడు మాటలనే వినును. ఉత్సాహపడు బిడ్డ నాలుగవదానినే వినును. నాలుగింటిని కలిపి విన్నవారికే బాట సుగమమగును.

గురుతును దాచరాదు

ఈ మాట తెలిసిన కొందరికి ఒక యుపాయము తోచును. పలకను బురదతో కప్పుట, వంచుట, లేదా ఆ దేశపు పలకనే యొకదానిని సంపాదించి తగిలించుట. ఇది అపాయములలో కెల్ల పెద్ద యపాయమని మేము విచారించిన కొలదిని తేటపడినది. సుంకపు కాగితముపై నొక నంబరు, బండిపై వేరొక నంబరు ఉన్నచో ఆ బండి దొంగసొత్తుగా కాన్పించును. ఏ దేశపు పోలీసులయినను దానిని పట్టి నిలుపుదురు. ప్రమాదము జరిగినచో బీమా కంపెనీవారు చెల్లించుటకు నిరాకరింతురు. తప్పు చేయని మనిషి తప్పు చేసినదగును.

ఆంజనేయుడు సముద్రము దాటి లంకకు పోవునపుడు శ్రీరాముని యుంగరమును వెంట గొనిపోయెను. రాక్షసరాజ్యమున ఒక వానరము వచ్చి నేను రామదూతనని చెప్పినచో ఎవరు నమ్ముదురు? ఆ యుంగరము చేతబడినపిదప గదా సీతమ్మకు నమ్మిక కుదిరినది. అట్టి గురుతునే శకుంతల శచీతీర్థమున జారవిడుచుకొనెను. ఆపై దుష్యంతుని కొలువున నిలిచి ఎంత సత్యము పలికినను పరాయిదే యయ్యెను. పరరాజ్యమున మనిషి మాటకు విలువ తక్కువ. గురుతునకు విలువ యెక్కువ.

ఈ కాలపు శకుంతల యొకతె కలదు. ఎల్స్పెత్ బియర్డ్ అను ఆంగ్లవనిత 1982లో బయలుదేరి 1984 వరకు ఒంటరిగా మోటారు సైకిలుపై భూమిని చుట్టి వచ్చెను. ఆమె నడిపినది సుమారు 35,000 మైళ్లు. మన దేశమునందును, నేపాళమునందును ఆమె తిరిగెను. దారిలో సింగపూరున ఆమె పాసుపోర్టుతోగూడ బండి కాగితములన్నియు దొంగలపాలయినవి. వానిని మరల సంపాదించుటకు ఆరు వారములు ఆమె యచ్చటనే నిలిచిపోవలసి వచ్చెను. ఆస్ట్రేలియాలోను, థాయిదేశములోను జరిగిన ప్రమాదములలో దేహము గాయపడెను. కాగితముల చోరీ ఆమె యాత్రనే ఆరు వారములు కట్టివేసెను.

ఏయే కాగితములు వలయును

ఒక్కొక్క దేశమునకు ఒక్కొక్క పద్ధతి. నేపాళమునకు పోవు భారతీయులకు వీసా అక్కరలేదు. రహదారిమీదుగా పోవువారికి పాసుపోర్టుగాని, ఓటరు గుర్తింపు కార్డుగాని చాలును. బండికి మాత్రము ఎల్లయొద్ద భన్సార్ అను సుంకపు చీటి తీసికొనవలెను. ఎన్ని దినములుండదలచితిమో అన్ని దినములకు సొమ్ము చెల్లించి, ఆ గడువు లోపలనే తిరిగి రావలెను. గడువు మీరినచో అపరాధ రుసుము. చీటిపై బండి నంబరు వ్రాయబడి యుండును. తిరుగు ప్రయాణమున దానినే సరిచూతురు.

మరికొన్ని దేశములకు కార్నె అను పుస్తకము కావలెను. బండిని ఆ దేశమున అమ్మక తిరిగి తీసికొనిపోవుదుమని సుంకపు అధికారులకు మోటారు సంఘమువారిచ్చు పూచీయే యీ పుస్తకము. ఒక సంవత్సరము చెల్లును. ప్రతి పుటయు మూడు ముక్కలు. లోనికి పోవునపుడు ఒక ముక్కను, వెలికి వచ్చునపుడు ఒక ముక్కను అధికారులు చించుకొందురు. మూడవది ముద్రలతో మనవద్ద మిగులును. వెలికి వచ్చునప్పటి ముద్ర వేయించుకొనుట మరచినచో బండి యా దేశముననే యున్నట్లు లెక్క. సుంకమంతయు మన నెత్తిన బడును. పచారి కొట్టువాని ఖాతా పుస్తకమును నెలనెలకు సరిచూచు గృహిణులకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

నడుపువారికి అంతర్జాతీయ డ్రైవింగు అనుమతి పత్రము వేరు. దానిని మన రవాణా శాఖవారే యిత్తురు. అదియు ఒక సంవత్సరమునకు మించి చెల్లదు. మన లైసెన్సును గూడ వెంట నుంచుకొననిదే అది యొంటరిగా పనికిరాదు.

అన్నిటికంటెను మరపునకు వచ్చునది బీమా. మన బండి బీమా మన దేశపు టెల్లలోపలనే చెల్లును. నేపాళము, భూటాను, బంగ్లాదేశము, పాకిస్థాను, శ్రీలంక, మాల్దీవులు అను ఆరు దేశములకు అదనపు రుసుము చెల్లించి దానిని పొడిగించుకొనవచ్చును. ఈ సంగతి అడిగినవారికే చెప్పుదురుగాని అడుగనివారికి ఎవరును చెప్పరు. మా మేనకోడలు బండికి బీమా గడించి నాలుగేండ్లయినను, ఇట్టి పొడిగింపు ఒకటి కలదని దానికి తెలియదు. ఐరోపాలో దేశదేశమునకు బీమా చెల్లునట్లు గ్రీను కార్డు అను పద్ధతి 1953నుండి అమలులో నున్నది. అతిథి చేసిన నష్టమునకు ఆతిథ్యమిచ్చిన దేశపు బాధితులు దిక్కులేనివారు కారాదని ఆ యేర్పాటు. బీమా మన ధనమును గాపాడుకొనుటకు మాత్రమే కాదు. మన చేత దెబ్బతిన్న పరాయి తల్లి బిడ్డకు మందు ఖర్చు ముట్టుటకును అదియే సాధనము.

కుడి యెడమలు

2018 ఫిబ్రవరిలో హైదరాబాదునుండి జై భారతిగారి నాయకత్వమున నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్లపై మెకాంగు నదీ ప్రాంతములకు యాత్ర సాగించిరి. మన దేశముతో గూడి ఆరు దేశములు, సుమారు 17,000 కిలోమీటరులు. వారిలో నొకరు రక్షకభట శాఖకు చెందినవారు. తెలుగునాటి బండి పలక మయన్మారు, థాయిదేశము, లావోసు, కాంబోడియా, వియత్నాము వీథులలో తిరిగినదన్న మాట. ఆ బాటను పటమున పెట్టి చూచినపుడు మేము తెలిసికొన్నది మరియొకటి కలదు. మన దేశమున బండ్లు ఎడమవైపున నడచును. ఎల్ల దాటి మయన్మారున అడుగిడగానే కుడివైపు. ఆ దేశమువారు 1970లో ఎడమనుండి కుడికి మారిరి. థాయిదేశమున మరల ఎడమ. లావోసున మరల కుడి. ఒక్క యాత్రలో ముమ్మారు కుడియెడమలు తారుమారగును.

ఇది వినుటకు చిన్న మాట. ఎడమచేతితో అన్నము తినుమన్నచో ఎంత కష్టమో తలచుకొనుడు. రద్దీలో నున్నంతసేపు ముందు బండిని చూచి నడుపవచ్చును. తెల్లవారుజామున ఎవరును లేని బాటపై, కాఫీ త్రాగి మరల బండి యెక్కినప్పుడు, చేతులు పాత యలవాటునకే మరలును. అట్టి వేళలలోనే ప్రమాదము పొంచియుండును. బండి పిడిమీద కుడి యని పెద్ద యక్షరములతో చీటి యంటించుకొనుట, మొదటి దినమున తక్కువ దూరము నడుపుట, దాటిపోవు బుద్ధిని విడుచుట మంచిది. ఎడమవైపు నడచు దేశమునకై చేసిన దీపముల కాంతి కొన్ని బండ్లకు ఎడమ యంచువైపు వాలియుండును. కుడివైపు నడచు దేశమున అది యెదుటివారి కన్నులలో బడును. కావున అట్టి దేశమున చీకటి పడినపిదప నడుపకుండుట ఉభయతారకము.

నేపాళమున బండ్లు మనవలెనే ఎడమవైపున నడచును. అందుచే మొదటి యాత్రకు ఆ దేశమును ఎంచుకొనుట బుద్ధిమంతమేయని మాకు తోచినది. అచ్చటి యపాయములు వేరు: కొండచరియలు, గుంటలు, పొగమంచు, రాత్రివేళ దీపములు లేని లారీలు, బాటకడ్డముగా పడుకొను పశువులు. గోవు ఆ దేశపు జాతీయ జంతువు, గోహత్య శిక్షార్హము. బండి తగిలి ఆవు చచ్చినచో సొమ్ముతో తీరు తగవు కాదు. పరదేశపు పలక గల బండియైనచో మాట మరింత కఠినమగును.

బుత్వాలు బాటలో

రెండు నెలల పిమ్మట మేము ఔననుమంటిమి. వదినగారు మా ముఖము చూచి, పిదప తమ బిడ్డ ముఖము చూచి, చివరకు కొన్ని నియమములపై సమ్మతించిరి. ప్రొద్దు గ్రుంకిన పిదప బండి నడుపరాదు. కాగితముల నకళ్లు మూడు జతలు చేసి ఒకటి ఒంటిమీద, ఒకటి మూటలో, ఒకటి తల్లివద్ద నుంచవలెను. బస చేసినచోట బండిపై మాసిన గుడ్డ కప్పవలెను. తామున్న యూరి పేరును, బండి పలక బొమ్మను ఆ యూరు విడుచువరకు ఫోనులలో నలుగురికి చాటరాదు. ప్రతి రాత్రియు తల్లికి ఫోను చేయవలెను. ఈ చివరి నియమము వదినగారిది. తక్కినవి మేము చేర్చినవి.

హైదరాబాదునుండి నాగపురము, జబ్బల్పురము, ప్రయాగ, గోరఖపురములమీదుగా సునౌలీ యెల్లకు సుమారు 1500 కిలోమీటరులు. వారు సుఖముగా చేరిరి. భన్సార్ చీటి తీసికొని, లుంబినీ చూచి, బుత్వాలునుండి పోఖరాకు పోవు కొండబాట పట్టిరి. ఆ దినమున ప్రొద్దు వాలువేళ ఫోను మ్రోగెను. తల్లికి గాక మాకు చేసినదనగానే ఏదో జరిగినదని గ్రహించితిమి.

"అత్తయ్యా, బండి వెనుక పలక పోయినది" అని దాని మాట. గుంటల బాటలో పలకను పట్టియుంచు ఇనుప పట్టీ విరిగి ఎచ్చటనో జారిపోయినదట. రెండు మైళ్లు వెనుకకు పోయి వెదకినను కానరాలేదట. ముందు పలక మాత్రము మిగిలినది. బండి బాగుచేయు పనివాడొకడు వీరిని చూచి జాలిపడి, తన కొట్టులో మూలబడియున్న పాత నేపాళీ పలకను తెచ్చి బిగింతుననెనట. "దీనితో మిమ్మెవ్వరును ఆపరు, పరాయివారని ఎవరికిని తెలియదు, ఆడపిల్లలకు ఇదియే క్షేమము" అని యాతని హితవు. స్నేహితురాండ్రలో నొకతెకు ఆ మాట నచ్చినది. చీకటి పడుచున్నది. ఏమి చేయుదుమని మా మేనకోడలు అడిగెను.

ఆతడు చెడ్డవాడు కాడు. మంచి మనసుతోనే చెప్పెను. అందుచేతనే ఆ మాట మరింత ప్రమాదకరమయినది. మేమొక నిమిషము మాటలాడలేకపోతిమి. ఇంతదూరమున కూర్చుండి హితవు చెప్పుట యెంత సులభము! ఆ రాత్రి ఆ బాటపై నుండవలసినది వారు. అయినను తెలిసినదానినే చెప్పితిమి. "గురుతు పోయినదని చెప్పుకొన్నచో సాయము చేయువారుందురు. దొంగ గురుతు పెట్టుకొన్నచో సాయమడుగుటకు గూడ నోరు రాదు. ఈ రాత్రికి ముందుకు కదలవలదు. తెల్లవారి ఠాణాకు పోవుడు. నేడు మీ అమ్మకు నీవే చెప్పుము, దాచవలదు."

వారట్లే చేసిరి. ఆ పనివాడే తన యింటివారిచేత వారికి బస చూపించెను. మరునాడు ఉదయమున ఆ యూరి బడిపంతులమ్మ యొకరు తోడు వచ్చి నేపాళీ భాషలో ఫిర్యాదు వ్రాసిపెట్టిరి. బండి పత్రము నకలు, భన్సార్ చీటి, ముందు పలక, మూడింటను ఒకే నంబరు ఉండుటచే ఠాణాలో ప్రశ్నలు తక్కువ యయినవి. పలక పోయినట్లు ముద్ర వేసిన కాగితమిచ్చిరి. గట్టి యట్టపై నంబరు వ్రాసి, వానకు తడియకుండ పారదర్శకపు కాగితము చుట్టి వెనుక కట్టుకొనిరి. ఆపై ఎనిమిది దినములలో వారిని అయిదుచోట్ల ఆపిరట. అయిదుచోట్లను ఆ కాగితము చూపి ముందుకు సాగిరి. తిరిగి వచ్చునపుడు ఎల్లయొద్ద అధికారి ఆ యట్టను చూచి నవ్వి, చీటితో సరిచూచి పంపెనట. మన దేశమున క్రొత్త పలక పొందుటకును ఆ ఫిర్యాదు కాగితమే యాధారమయ్యెను. పాత నేపాళీ పలక బిగించియున్నచో ఆ అయిదుచోట్ల ఏ యొక్కచోటనైనను యాత్ర ముగిసియుండెడిది.

మన బాటపై పరాయి పలక

ఇంతవరకు మన బిడ్డలు పరాయి బాటపై పోవుటను గూర్చి వ్రాసితిమి. పరాయి బిడ్డలు మన బాటపై వచ్చుచున్నారు. వారి బండ్ల పలకలను మనము చదువవలసియున్నది. అట్లు వచ్చు బండ్లకై మన ప్రభుత్వమువారు 2022లో ప్రత్యేక నియమములు చేసిరి. నియమములు కాగితములను గాపాడును; మనుష్యులను మనుష్యులే కాపాడవలెను.

2024 మార్చి 1వ తేదీ రాత్రి ఝార్ఖండ్ రాష్ట్రమున దుమ్కా జిల్లాలో జరిగిన ఘోరమును తలచుటకు సిగ్గగుచున్నది. స్పెయినునుండి మోటారు సైకిళ్లపై లోకము చూడ వచ్చిన దంపతులు దారి ప్రక్కన గుడారము వేసికొని విశ్రమించియుండగా, కొందరు దుర్మార్గులు భర్తను కొట్టి, ఆ యిల్లాలిపై సామూహికముగా అత్యాచారము చేసిరి. ఆమె మౌనము వహింపలేదు. ఫిర్యాదు చేసి, లోకమునకు చెప్పి, నేరస్థులు పట్టుబడుటకు తోడ్పడెను. ఈ దేశపు ప్రజలు మంచివారేయనియు, తాను నిందించునది నేరస్థులనేయనియు చెప్పి, తన యాత్రను సాగించెను. ఆ మాట మనకు గౌరవమని పొంగిపోరాదు. అది మనమీద నుంచిన అప్పు. ఆ యప్పు తీర్చు దారి, మన యూరి బాటపై పరాయి పలక కనబడినప్పుడు మన యింటి తలుపు తెరచియుండుటయే.

అట్లని భయము వట్టిదని మేము చెప్పము. స్త్రీకి బాటపై నున్న యపాయము పురుషునికి లేదు. దానిని దాచి ధైర్యము చెప్పుట మోసము. గుడారము వేయుచోటును గూర్చి, బస చేయు నింటిని గూర్చి, గుంపునుండి విడివడకుండుటను గూర్చి జాగ్రత్తలు వలయును. నేపాళమున పోలీసులకు 100, యాత్రికుల రక్షకభటులకు 1144 అను ఫోను నంబరులు కలవు. ఇట్టివానిని ఏ దేశమునకు పోయినను ముందే కంఠస్థము చేయవలెను. ఫోను పోయినను నాలుకపై నుండును.

ఇంటనున్న తల్లికిని కొన్ని పనులు కలవు. బిడ్డ పాసుపోర్టు, లైసెన్సు, బండి పత్రము, బీమా, వీని నకళ్లు ఒక సంచిలో నుంచుకొనుడు. బండి ముందు వెనుకల బొమ్మలు, ఇంజను నంబరు, చాసిస్ నంబరు వ్రాసియుంచుడు. ఆ దేశమునందలి మన రాయబార కార్యాలయపు ఫోను నంబరును, బిడ్డ రక్తపు గ్రూపును, తోడిపిల్లల తల్లుల నంబరులను ఆ సంచిమీదనే వ్రాయుడు. చెప్పిన వేళకు ఫోను రానిచో ఎంతసేపు ఆగి, పిమ్మట ఎవరికి చెప్పవలెనో ముందే నిర్ణయించుకొనుడు. అట్లు చేసినచో నిరీక్షణ వట్టి బాధ కాక పనియగును. వదినగారు ఆ పండ్రెండు దినములును ఆ సంచిని దేవుని గూటి ప్రక్కన నుంచుకొనిరి. ఏడ్చుటకు తీరిక లేకపోయినదని తరువాత మాతో ననిరి.

మొన్న కార్తికమాసమున మేము వదినగారితో గూడి కారులో ఊరికి పోవుచుండగా దారిలో నొక టీ దుకాణమునొద్ద దుమ్ము కొట్టుకొనిన మోటారు సైకిలు నిలిచియుండెను. వెనుక తెల్లని అండాకారపు బిళ్లపై డి అను ఒకే యక్షరము. "జర్మనీ" యని మా మేనకోడలు చెప్పెను. బల్లపై నొక పడుచుపిల్ల ఒంటరిగా కూర్చుండి టీ త్రాగుచుండెను. వదినగారు కారాపించి, వెంట తెచ్చుకొన్న పులిహోర పొట్లము నొకటి మా మేనకోడలి చేతికిచ్చి పంపిరి. అది నాలుగడుగులు వేసినదో లేదో మరల పిలిచి, "వాళ్లమ్మకు ఈ రాత్రి ఫోను చేయుమని చెప్పవే" యనిరి.